16 ఎం.ఎం. ప్రింట్ల వేట: ఎక్కడ వెతకాలి, ఏం చూసి కొనాలి

ప్రొజెక్టర్ సంపాదించడం పెద్ద కష్టమేమీ కాదు. ఈకి, ఎల్మో, బెల్ అండ్ హోవెల్ లాంటివి ఏదో ఒక కాలేజీ స్టోర్ రూంలో దుమ్ము కొట్టుకుని ఉంటాయి. తెచ్చి, బెల్టు మార్చి, బల్బు వేస్తే గోడ మీద తెల్లగా వెలుతురు పడుతుంది. అసలు తిప్పలు అప్పుడు మొదలవుతాయి. వెయ్యడానికి బొమ్మేదీ?

కొత్తగా ప్రింటు తీసి ఇచ్చేవాళ్ళు మన దగ్గర ఇక లేరనే అనుకోండి. థియేటర్లు డిజిటల్‌కి మారాయి, ల్యాబులు మూతపడ్డాయి, ఫ్యూజీ కంపెనీ 2013లో సినిమా షూటింగ్ ఫిల్మూ ప్రింటు ఫిల్మూ చెయ్యడం మానేసింది. కాబట్టి మనం వెతికేది ఎప్పుడో తీసిన ప్రింట్లలో ఇంకా పాడవకుండా మిగిలినవాటిని. ఎండకీ ఉక్కకీ అవి ఏటా తగ్గుతూనే ఉంటాయి. వెతుకుదామనుకుంటే ఈ ఏడే మొదలుపెట్టండి.

ముందు ఏ సైజో తేల్చుకోండి

చిన్న ఫిల్మ్ అంటే థియేటర్లలో ఆడిన 35 ఎం.ఎం. వెడల్పు ఫిల్మ్ కంటే సన్నవన్నీ వస్తాయి. 9.5 ఎం.ఎం. 1922లో ఫ్రాన్స్‌లో పాథే కంపెనీ తెచ్చింది. ప్రొజెక్టర్ పళ్ళు పట్టుకునే రంధ్రం దానికి అంచున కాకుండా రెండు బొమ్మల మధ్య నడిమి భాగంలో ఉంటుంది. మన వైపు కనిపిస్తే అదృష్టమే. 16 ఎం.ఎం. 1923లో, 8 ఎం.ఎం. 1932లో, సూపర్ 8 1965లో కొడాక్ నుంచి వచ్చాయి. చివరి రెండిటికీ వెడల్పు ఒకటే కాబట్టి చాలామంది తికమక పడతారు. రంధ్రం చూడండి. పాత 8 ఎం.ఎం.కి రంధ్రం పెద్దది, రెండు బొమ్మలు కలిసేచోట ఉంటుంది. సూపర్ 8కి చిన్నది, బొమ్మకి సరిగ్గా పక్కన మధ్యలో ఉంటుంది. ఒకదాని ప్రొజెక్టర్‌లో రెండోది ఎక్కిస్తే ఫిల్మ్ నలిగి చిరుగుతుంది.

తెలుగు సినిమా కావాలంటే 16 ఎం.ఎం. మీద దృష్టి పెట్టండి. 35 ఎం.ఎం. నుంచి తగ్గించి తీసిన ఈ ప్రింట్లే వినాయక చవితి పందిళ్ళలో, శ్రీరామనవమికి, హాస్టల్ వార్డెన్ దయ ఉన్న శనివారాల్లో తెల్ల తెర మీద ఆడాయి. తెరకి అటువైపు కూర్చుని బొమ్మని తిరగేసి చూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. 8 ఎం.ఎం., సూపర్ 8 రీళ్ళు మన ఇళ్ళలో దొరికితే అవి దాదాపుగా హోమ్ మూవీలే. పెళ్ళి, పుట్టువెంట్రుకలు, విదేశం నుంచి వచ్చిన మేనమామ తీసిన కాశీయాత్ర. వాటి సంగతి చివర్లో చెబుతాను.

ఇంకో మంచి మాట ఏమిటంటే, ఈ సన్న ఫిల్మ్‌లన్నీ మొదటి నుంచీ సేఫ్టీ ఫిల్మ్ మీదే వచ్చాయి. 1950ల తొలినాళ్ళ వరకూ 35 ఎం.ఎం.లో వాడిన నైట్రేట్ ఫిల్మ్‌లాగా భగ్గున అంటుకోవు. ఇంట్లోవాళ్ళకి టెన్షన్ లేకుండా దాచుకోవచ్చు.

వస్తువు కోసం కాదు, మనిషి కోసం వెతకండి

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నేరుగా పాత సామాన్ల కొట్టుకి వెళ్తారు. నేనూ అలాగే రెండేళ్ళు తిరిగి, మూడు ట్రైలర్ ముక్కలూ ఒక సబ్బు ప్రకటనా సంపాదించాను. ఆ తర్వాత అర్థమైంది, రీలు ఎక్కడుందో ఆపరేటర్‌కి తెలుస్తుందని.

మీ ఊళ్ళో అరవై దాటినవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: "ఇక్కడ చవితికి సినిమా ఎవరు వేసేవారు?" పేరు వెంటనే వస్తుంది. ఎక్కువసార్లు అది సౌండు, లైటింగ్ అద్దెకిచ్చే షాపు అవుతుంది. మైకుసెట్టుతో పాటు ప్రొజెక్టర్ కూడా పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉండేవారు. ఆ షాపు ఇప్పుడు డీజే అద్దెకిస్తుండవచ్చు, కుర్రాడికి ఏమీ తెలియకపోవచ్చు. వాళ్ళ నాన్నని అడగండి.

వెళ్ళగానే "ప్రింట్లు అమ్ముతారా" అనకండి. పాత ప్రింట్లంటే పైరసీ గొడవేమో అని భయపడతారు, లేదా ఇందులో లక్షలున్నాయేమో అని ఆశపడతారు. రెండూ మీకు నష్టమే. మీ ప్రొజెక్టర్ గురించి ఏదో ఒక సందేహం పట్టుకెళ్ళండి. "బాబాయ్, లూపు నిలబడట్లేదు, ఏం చెయ్యాలి?" అని అడిగితే ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న కదా, ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు. కృష్ణా జిల్లాలో ఒక పెద్దాయన దగ్గర నాకు జరిగింది ఇది. రీళ్ళ మాట ఎత్తితే, "రీళ్ళెక్కడివి బాబూ, ఆ డబ్బాల్లో మా ఆవిడ అప్పడాలు పోసుకుంటోంది" అన్నాడు. నిజంగానే వంటింట్లో అల్మైరా పైన మూడు గుండ్రటి రేకు డబ్బాలు, ఒకదాని మీద తెల్ల పెయింటుతో 'పార్ట్ 3' అని రాసి ఉంది. మరి లోపలి ఫిల్మ్ ఏం చేశారు? అటక మీద గోనెసంచిలో ఉంది. అందులో నాలుగు రీళ్ళకి రెండు బాగున్నాయి. ఈ వేటలో నేర్చుకున్నది ఇదే: డబ్బా కనిపిస్తే ఫిల్మ్ గురించీ, ఫిల్మ్ కనిపిస్తే డబ్బా గురించీ విడివిడిగా అడగాలి.

ఇక విజయవాడ గాంధీనగర్. ఆంధ్రా ఏరియా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులన్నీ దశాబ్దాల పాటు అక్కడే. ఇప్పుడు బోర్డులు మారాయి, కానీ ప్రింట్లు బస్సుల మీద, రైళ్ళలో పంపిన రిప్రజెంటేటివ్‌లు, గోడౌన్ చూసినవాళ్ళు ఆ చుట్టుపక్కలే టీ తాగుతూ దొరుకుతారు. 16 ఎం.ఎం. హక్కులు విడిగా కొనేవాళ్ళుండేవారు కాబట్టి "16 హక్కులు ఎవరి దగ్గర ఉండేవి?" అని అడగండి. పెద్ద డిస్ట్రిబ్యూటర్ పేరు అడిగితే మీరు 35 వైపు వెళ్ళిపోతారు.

మూడో దారి సంస్థలది. ప్రభుత్వ ప్రచార జీపులు జనరేటర్ వేసుకుని ఊరూరా తిరిగి ఫిల్మ్స్ డివిజన్ డాక్యుమెంటరీలు వేసేవి. ఫిల్మ్స్ డివిజన్ 1948లో మొదలైంది. వ్యవసాయం, కుటుంబ నియంత్రణ, మశూచి టీకాలు అన్నీ 16 ఎం.ఎం. మీద ఆడాయి. వ్యవసాయ కాలేజీలు, మెడికల్ కాలేజీలు, మిషన్ ఆసుపత్రులు, పాత ఫిల్మ్ సొసైటీలు కూడా చూడండి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ప్రభుత్వ ఆఫీసులో అటెండర్ "ఐదొందలివ్వండి, వెనక గుమ్మం నుంచి పట్టుకెళ్ళండి" అంటే వద్దనండి. కండెమ్ చేసి వేలం వేసేదాకా ఆగి, రసీదుతో తీసుకోండి. లేదంటే మీ ఇంట్లో ఉన్నది దొంగసొత్తే.

పాత సామాన్ల బజార్లు

వెళ్ళకండి అనను, ఆశ పెట్టుకుని వెళ్ళకండి అంటాను. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మెరాత్ బజార్. ముంబయిలో చోర్ బజార్ మటన్ స్ట్రీట్. పొద్దున్నే వెళ్ళాలి. ఇక్కడ ప్రింట్లు తక్కువగా దొరకడానికి కారణం ఉంది. నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మంతా వెండే. కాబట్టి పాత రీళ్ళు తూకానికి అమ్ముడుపోయి వెండి తీసేవాళ్ళ దగ్గర కరిగిపోయాయి. చిన్నప్పుడు ఫ్యూజు పోయిన బల్బులో నీళ్ళు పోసి, అద్దంతో ఎండ కొట్టి, గోడ మీద ఫిల్మ్ ముక్క వేసి చూసిన మనం కూడా ఆ పాపంలో కాస్త వాటాదారులమే.

కొట్టువాడికి మీ ఫోన్ నంబరిచ్చి, 35 కాకుండా "ఈ సైజు" అని చిన్న ముక్క ఒకటి శాంపిల్ ఇచ్చి రండి. మాటలకంటే ఆ ముక్క ఎక్కువ పని చేస్తుంది.

బయటి దేశాల ప్రింట్లు

పాత ఇంగ్లిష్ కామెడీలు, కార్టూన్లు కావాలంటే ఆన్‌లైన్ వేలాల్లో బాగానే వస్తాయి. అక్కడ ఇళ్ళలో వేసుకోవడానికే ప్రింట్లు అమ్మే వ్యాపారం ఉండేది. అమెరికాలో కాసిల్ ఫిల్మ్స్, అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లోని బ్లాక్‌హాక్, ఇంగ్లండ్‌లో డడ్లీలోని డెరాన్ అందులో పెద్ద పేర్లు. సూపర్ 8లో పూర్తి నిడివి సినిమాలు కూడా అమ్మిన డెరాన్ 2011లో మూతపడింది. ఆ పేర్లున్న డబ్బాలైతే ఎడిషన్ ఏదో తేలిగ్గా తెలుస్తుంది.

భారతీయ సినిమాల కోసం దక్షిణాఫ్రికా వైపు చూసేవాళ్ళు తక్కువ. అక్కడ టీవీ 1976లో గానీ మొదలవలేదు. అప్పటిదాకా 16 ఎం.ఎం. రీళ్ళు అద్దెకు తెచ్చుకుని ఇంట్లో వేసుకోవడం మామూలు విషయం. డర్బన్ చుట్టుపక్కల మన తెలుగు, తమిళ కుటుంబాలున్నాయి కాబట్టి చుట్టరికమో స్నేహమో ఉంటే ఒక మాట అడిగి చూడండి.

రీళ్ళు బరువు. కొరియరూ కస్టమ్స్ సుంకమూ లెక్క వేసుకున్నాకే వేలంలో చెయ్యెత్తండి.

డబ్బా తెరిచాక

కొనేముందు ఇవి వరసగా చెయ్యండి. పేరున్న సినిమా కదా అని ఏ మెట్టూ దాటెయ్యకండి.

మొదట వాసన. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. వెనిగర్ వాసన వస్తే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ కుళ్ళడం మొదలైనట్టే. అసిటేట్ నుంచి అసిటిక్ ఆసిడ్ విడుదలవుతుంది, ఆ ఆసిడే కుళ్ళును ఇంకా తొందరపెడుతుంది. దీన్ని వెనక్కి తిప్పే మందు లేదు. చల్లగా, పొడిగా ఉంచి నెమ్మదింపజెయ్యడమే. ముక్కు మీద నమ్మకం లేకపోతే ఏ-డి స్ట్రిప్‌లని అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తయారుచేసిన కాగితం ముక్కలుంటాయి. డబ్బాలో వేసి ఉంచితే నీలం నుంచి ఆకుపచ్చకి, ముదిరితే పసుపుకి మారతాయి. నేనొకసారి వాసన వస్తున్న ప్రింటుని "ఒక్కసారి చూసి తీసేద్దాం" అని మిగతావాటితో కలిపి అల్మైరాలో పెట్టాను. వేసవి గడిచేసరికి తలుపు తియ్యగానే ఊరగాయ జాడీ తెరిచినట్టుంది. అప్పటి నుంచి కొత్తగా వచ్చిన ప్రింటు నెల రోజులు వేరే గదిలో ఉంటుంది.

తర్వాత ఫిల్మ్ దేనితో చేసిందో చూడండి. రీలుని లైటుకి అడ్డంగా పట్టుకుని పక్కవైపు నుంచి చూడండి. చుట్టల గుండా వెలుతురు కనిపిస్తే పాలిస్టర్. దానికి వెనిగర్ జబ్బు రాదు. చీకటిగా ఉంటే అసిటేట్.

ఆ తర్వాత కుంచించుకుపోయిందేమో కొలవండి. ఇదొక్కటి చేస్తే మీ డబ్బు సగం మిగులుతుంది. 16 ఎం.ఎం. ప్రింటులో అడుగుకి 40 బొమ్మలు, బొమ్మకో రంధ్రం. అంటే 100 రంధ్రాలు లెక్కపెడితే 30 అంగుళాలు రావాలి. బల్ల మీద ఫిల్మ్ పరిచి, మొదటి రంధ్రం పై అంచు మీద టేపు పెట్టి, పదేసి చొప్పున గోటితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళండి. నూటొకటో రంధ్రం పై అంచు దగ్గర ఆగండి. 30 వస్తే బాగుంది. 29 ముప్పావు దగ్గర ఆగితే ముప్పావు శాతం పైనే కుంచించుకుపోయినట్టు. ప్రొజెక్టర్ పళ్ళు రంధ్రాలని చింపడం మొదలుపెట్టేది ఈ ప్రాంతంలోనే. ఒక శాతం దాటితే ప్రొజెక్టర్ ఎక్కించనే వద్దు. స్కానింగ్‌కి మాత్రమే.

రంగు బొమ్మ అయితే ఒక రెండడుగులు లాగి తెల్ల కాగితం ముందు పట్టుకోండి. పోస్టర్ మీద ఎంత గొప్పగా 'ఈస్ట్‌మన్ కలర్' అని వేసినా, 1983కి ముందు ఈస్ట్‌మన్ ప్రింట్లలో చాలావాటికి నీలం, ఆకుపచ్చ పోయి గులాబీ రంగే మిగిలి ఉంటుంది. ఆకాశమూ గులాబీయే, అరిటాకూ గులాబీయే. అంచు మీద ఎల్.పి.పి. అని ఉంటే రంగు నిలిచే రకం, 1980ల మొదట్లో వచ్చింది. కోడాక్రోమ్ రీళ్ళు, ముఖ్యంగా హోమ్ మూవీలు, చీకట్లో ఉంటే నిన్న తీసినట్టుంటాయి. అంచు మీద కొడాక్ వాళ్ళు చదరం, గుండ్రం, త్రికోణం లాంటి గుర్తులు కూడా వేస్తారు. అది ఫిల్మ్ తయారైన ఏడాదికి కోడ్. ఇరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది కాబట్టి గుర్తొక్కటే చూసి 1947 అనేసుకోకండి, 1967 కావచ్చు.

ఇక పూర్తిగా ఉందా లేదా. మొదటి రీలు మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ ఉంటుంది. దాని మీద పొడవు రాసి ఉంటుంది, బాగా పాతవైతే అడుగుల్లో, తర్వాతివి మీటర్లలో. అక్కడున్నది 35 ఎం.ఎం. పొడవైతే 0.4తో గుణించండి, 16 ఎం.ఎం. పొడవొస్తుంది. 4,000 మీటర్ల సినిమా 1,600 మీటర్లవుతుంది. సర్టిఫికెట్ మీద త్రికోణం గుర్తుంటే సెన్సార్ కట్లు ఉన్నాయని అర్థం, వాటి కోసం అమ్మినవాడితో పోట్లాడకండి. 16 ఎం.ఎం. నిమిషానికి 36 అడుగులు నడుస్తుంది. 1,600 అడుగుల రీలు 44 నిమిషాలు. రెండున్నర గంటల బొమ్మకి మూడు నిండు రీళ్ళూ, నాలుగోది సగానికి తక్కువా ఉండాలి. మూడు రీళ్ళే ఇచ్చి "ఇంతే సార్" అంటే క్లైమాక్స్ ఎవరింట్లోనో ఉంది. మన ప్రింట్లలో మాయమయ్యేది ఎక్కువగా పాటలు. మంచి పాట కత్తిరించి దాచుకున్న చేతులెన్నో. అతుకులు వేలితో తడిమి లెక్కపెట్టండి. ప్రొజెక్టర్ మీద చూసేటప్పుడు బొమ్మ ఒక్కసారి గెంతి, ఒక సెకను తర్వాత మాట గెంతితే అది అతుకే. శబ్దం బొమ్మకంటే 26 ఫ్రేములు ముందు ముద్రించి ఉంటుంది కాబట్టి అలా జరుగుతుంది.

గీతలకి భయపడకండి. రంధ్రాలు చిరిగినవాటికి భయపడండి.

బేరం, కాగితం

ధర సినిమా పేరు మీద కాకుండా పైన చేసిన పరీక్షల మీద మాట్లాడండి. పెద్ద హీరో గులాబీ ప్రింటు కంటే ఊరూపేరూ లేని నలుపు తెలుపు పాలిస్టర్ ప్రింటు నాకు విలువైనది. మీరు హీరో అభిమాని అయితే మీ ఇష్టం, కానీ ఆ సంగతి అమ్మేవాడికి తెలియనివ్వకండి.

ప్రింటు కొన్నంత మాత్రాన సినిమా హక్కు మీది కాదు. మన చట్టం ప్రకారం సినిమాకి కాపీరైట్ విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు. ఇంట్లో మనవాళ్ళతో చూసుకోవడం వేరు, అపార్ట్‌మెంట్ కింద తెర కట్టి వెయ్యడం వేరు. రెండోదానికి అనుమతి కావాలి. అద్దె కాలం అయ్యాక డిస్ట్రిబ్యూటర్‌కి తిరిగి ఇవ్వాల్సిన ప్రింట్లు కూడా బయట తిరుగుతుంటాయి కాబట్టి, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకి కొన్నారో తెల్ల కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. అమెరికాలో 1974లో నటుడు రాడీ మెక్‌డవల్ ఇంటి మీదే ఎఫ్.బి.ఐ. దాడి చేసి ఆయన ప్రింట్లు పట్టుకెళ్ళింది.

ఇంటికి తెచ్చాక

వెంటనే ప్రొజెక్టర్ ఎక్కించాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. రివైండర్ మీద చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, మెత్తని పొడి గుడ్డ మధ్య నుంచి పోనివ్వండి. పాత ఆపరేటర్లు కొందరు కొబ్బరినూనె రాస్తారు, కిరోసిన్ అంటారు. వద్దు. మొదటా చివరా ఆరేసి అడుగుల కొత్త లీడర్, అంటే బొమ్మ లేని ఖాళీ ఫిల్మ్, అతికించండి. రేకు డబ్బాలు తుప్పు పట్టి ఉంటే పారేసి ప్లాస్టిక్‌వి వాడండి. డబ్బాలని పడుకోబెట్టి పేర్చండి. పై అంతస్తు శ్లాబు కింద, అటక మీద పెట్టకండి. ఇంట్లో చల్లటి గది ఏదో అదే దీనిది. బీరువాలో పట్టుచీరలకి వేసినట్టు కలరా ఉండలు వెయ్యకండి.

సినిమా వేరే ఎక్కడా దొరకదనిపిస్తే అసలు ప్రొజెక్టర్ ఎక్కించకండి, ముందు స్కాన్ చేయించండి. 1930ల తెలుగు టాకీల్లో చాలావాటికి ఇవాళ ప్రింటే లేదు. గీతలు పడిన సన్న ప్రింటే ఒక సినిమాకి చివరి కాపీ కావడం జరిగిన పనే. 1927 నాటి జర్మన్ సినిమా మెట్రోపాలిస్‌లో పోయిందనుకున్న దాదాపు 25 నిమిషాలు 2008లో బ్యూనస్ ఎయిర్స్ మ్యూజియంలో దొరికాయి, 16 ఎం.ఎం. మీద. ఒక ప్రైవేటు కలెక్టర్ దాచిన 35 ఎం.ఎం. ప్రింటు నుంచి తీసిన కాపీ అది. పాత ప్రింటు గీతలన్నీ అందులో ముద్రపడిపోయాయి, అయినా ప్రపంచమంతా కళ్ళకద్దుకుని చూసింది. అలాంటిదేదైనా మీ చేతికొస్తే పుణెలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి గానీ, ముంబయిలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కి గానీ ఒక ఉత్తరం రాయండి.

హోమ్ మూవీలు దొరికితే మాత్రం, అవి కొనకండి. స్కాన్ చేయించి ఆ ఇంటివాళ్ళకి ఇవ్వండి, అసలు రీలు మీ దగ్గర చల్లగా దాచుకోవడానికి అనుమతి అడగండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు. పైగా తాతయ్య నడుస్తూ కనిపించిన ఇంట్లో మీకు కాఫీ మళ్ళీ మళ్ళీ దొరుకుతుంది, పక్కింటి అటక మీద ఏముందో కబురూ వస్తుంది.

ప్రతి డబ్బా లోపల ఒక కాగితం పెట్టండి. సినిమా పేరు, ఎన్నో రీలు, అడుగులు, 100 రంధ్రాల కొలత, వాసన ఉందా లేదా, కొలిచిన తేదీ. వచ్చే ఏడాది అదే నెలలో మళ్ళీ తెరిచి, కింద ఇంకో గీత గీసి రాయండి.